తల మీద నాట్లు

నాంపల్లి స్టేషన్‌లో ప్యాసింజర్ బండి దిగి, నన్ను చూడగానే అమ్మ అన్న మొదటి మాట: "ఏందిరా కొడుకా, ఎవలన్న కొట్టిండ్రా?"

అడగదా మరి! కళ్ల చుట్టూ కమిలిపోయి నల్లగా ఉంది. నుదురు ఉబ్బి ఉంది. నెత్తి మీద నా సైజుకి మించిన వదులు టోపీ. ఎవరూ కొట్టలేదమ్మా, నేనే డబ్బులిచ్చి చేయించుకున్నానని ప్లాట్‌ఫారం మీద నిలబడి ఎలా చెప్పను?

ఆ రోజు జనవరి 1. నేను హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకుని ఐదు రోజులు.

నాకు ఇరవై ఏడేళ్లు. అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో ఒక మొబైల్ రిపేరు కౌంటర్‌లో పని. మీ ఫోన్ బోర్డు మీద బియ్యపు గింజలో పదో వంతు ఉండే పార్టును మైక్రోస్కోప్ కింద పెట్టి, ట్వీజర్‌తో పట్టి అతికించేది మాలాంటి వాళ్లమే. మైక్రోస్కోప్ మీదకి వంగితే కౌంటర్ అవతల నిలబడ్డ కస్టమర్‌కి మన మొహం కనపడదు. నడినెత్తి కనపడుతుంది. పైన తెల్లటి ఎల్ఈడీ లైటు. మూడేళ్లుగా ఆ లైటు కింద నా నెత్తి ఎలా మెరుస్తోందో నాకు తెలుసు. ఒకసారి ఇద్దరు కాలేజీ పిల్లలు స్క్రీన్ మార్పించుకుంటూ నా నెత్తిని ఫొటో తీసి నవ్వుకున్నారు. ఆ ఫొటో వాళ్ల ఫోన్‌లోనే, నా చేతిలోనే ఉంది. డిలీట్ చేయొచ్చు. చేయలేదు. చూసి తిరిగిచ్చేశాను.

ఇంట్లో రెండు సంబంధాలు ఫొటో దగ్గరే ఆగిపోయాయి. చాలు కదా కారణాలు.

అబిడ్స్‌లోనే ఒక క్లినిక్. పేరు అనవసరం. 2,200 గ్రాఫ్టులు, మొత్తం డెబ్బై ఏడు వేలు. నలభై వేలు నేను దాచుకున్నవి, మిగతాది ఈఎంఐ. పది వేలు అడ్వాన్స్ కట్టిన మూడో రోజు అమ్మ ఫోన్ చేసింది. మాది వికారాబాద్ దగ్గర ఒక ఊరు. బోరు కింద రెండెకరాలు.

"బోరు మోటరు కాలింది బిడ్డా. పైకి తీసి వైండింగ్ చేయించనీకి పదిహేను వేలైతయంటున్నరు. నారు పోసినం. నాట్లకు నీళ్లు గావాలె. ఏమన్న పంపుతవా?"

"ఈ నెల టైట్ ఉందమ్మా" అన్నాను.

ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఆ నాలుగు ముక్కలే. సర్జరీ గురించి, పుండు మానడం గురించి చెప్తాను. కానీ ఆ మాట దాచేసి చెప్తే అబద్ధం చెప్పినట్టే.

డిసెంబర్ ఆఖరి శనివారం పొద్దున తొమ్మిదికి వెళ్తే, సాయంత్రం ఐదింటికి బయటకొచ్చాను. పద్ధతి పేరు ఎఫ్‌యూఈ. మత్తు ఇంజక్షన్లు తలకే ఇస్తారు. మనం మెలకువగానే ఉంటాం. తల వెనక భాగం నుంచి మిల్లీమీటర్ కంటే సన్నని పంచ్‌తో ఒక్కో కుదురునీ తీస్తారు. ఒక్కో కుదురులో ఒకటి నుంచి నాలుగు వెంట్రుకలు. ముందువైపు సన్నటి గాట్లు పెట్టి, వాటిలో నాటతారు. వెనక జుట్టే ఎందుకంటే, దానికి బట్టతల గుణం ఉండదు. చోటు మారినా తన గుణం మార్చుకోదు. 1959లో న్యూయార్క్ డాక్టర్ నార్మన్ ఓరెన్‌ట్రైక్ ఈ సంగతి రాశాడు. ఈ సర్జరీ అంతా ఆ ఒక్క సంగతి మీదే నడుస్తోంది.

సర్జరీ అయ్యాక డాక్టర్ మేడం అద్దం చూపించి ఒక మాట చెప్పారు. "నాటడం మా పని. అయిపోయింది. బతికించుకోవడం మీ పని. ఈ పది రోజులు నా చేతుల్లో ఏమీ లేదు."

నేను తలూపాను. అప్పుడు నాకు అర్థం కాలేదు.

వెంట్రుకను నాటగానే దానికి రక్తం అందదు. మొదటి రెండు మూడు రోజులు చుట్టూ ఉన్న కణజాలపు తేమతోనే బతుకుతుంది. తర్వాత సన్నని రక్తనాళాలు కలుస్తాయి. అందుకే మొదటి రోజుల్లో తల ఎండిపోకుండా గంట గంటకీ సెలైన్ స్ప్రే కొట్టమంటారు. గీకొద్దు, తాకొద్దు, దిండుకి రాయొద్దు, వంగొద్దు, బరువులెత్తొద్దు. హెల్మెట్ రెండు వారాలు వద్దు. సిగరెట్ అసలే వద్దు. నికోటిన్ రక్తనాళాలను కుదించేస్తుంది, నాటిన చోటికి రక్తం తగ్గిపోతుంది.

నాంపల్లిలో స్టేషన్ వెనక సందులో నా రూమ్. రూమ్మేట్ క్రిస్మస్ సెలవులకి ఊరెళ్లాడు. అందుకే ఆ తేదీ పెట్టుకున్నాను, ఎవరికీ తెలియకూడదని. మొదటి తెలివితక్కువ పని అదే. ఈ సర్జరీ ఎవరికీ చెప్పకుండా చేయించుకోవచ్చు. ఎవరూ లేకుండా కోలుకోవడం మాత్రం చాలా కష్టం.

పడుకోవడం ఇలా: వీపు వెనక దిండ్లు పేర్చుకుని, సగం కూర్చుని, సగం వాలి. తల ఎత్తులో ఉండాలి, లేకపోతే వాపు ఎక్కువవుతుంది. స్టేషన్ ముందు బండి మీద రైలు ప్రయాణికులకి అమ్మే మెడ దిండు నూట యాభైకి కొన్నాను. రైలు ఎక్కకుండానే ఐదు రాత్రులు రైలు ప్రయాణం చేసినట్టు పడుకున్నాను. బయట నుంచి అనౌన్స్‌మెంట్లు ఎలాగూ వినిపిస్తూనే ఉన్నాయి.

ఆదివారం పొద్దున కట్టు విప్పించుకోవడానికి అబిడ్స్ వెళ్లాను. ఆదివారమంటే అబిడ్స్ ఫుట్‌పాత్‌ల నిండా పాత పుస్తకాలు. ప్రతివారం వంగి వంగి వెతికే వాణ్ణి. ఆ రోజు వంగకూడదు. నిలబడి, కింద ఉన్న పుస్తకాల వైపు రాజులా చూస్తుంటే, అమ్మేవాడు "ఏం భాయ్, మెడ పట్టేసిందా?" అన్నాడు. అవునన్నాను.

మూడో రోజు అద్దంలో నన్ను నేను గుర్తుపట్టలేదు. తలకి ఎక్కించిన మందునీళ్లన్నీ మెల్లగా నుదుటికి, నుదుటి నుంచి కళ్లకి దిగాయి. ఒక కన్ను సగమే తెరుచుకుంది. ఇది చాలామందికి జరిగేదేనని, వారంలోపు తగ్గిపోతుందని ముందే చెప్పారు. చెప్పినా భయం భయమే. ఐస్ నుదుటి మీద పెట్టాలి, నాటిన చోట పెట్టకూడదు.

అదే రోజు రాత్రి బాత్రూమ్ తలుపు. మా తలుపు కమ్మీ కొంచెం కిందికి ఉంటుంది. కన్ను సరిగ్గా కనపడక ముందుభాగం తగిలింది. చేయి పెట్టి చూస్తే రక్తం. టిష్యూ మీద ఒక చిన్న కుదురు, చిమ్మెటతో తీసిన జీలకర్రలాగా. క్లినిక్ ఇచ్చిన నంబర్‌కి పదకొండున్నరకి చేశాను. ఎత్తలేదు. పన్నెండుకి చేశాను. ఎత్తలేదు. ఆ కుదురుని మళ్లీ లోపల పెట్టాలా, పారేయాలా, మిగతావి ఊడిపోతాయా... ఫోన్‌లో వెతికితే ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తున్నారు. పొద్దున మేడం దొరికారు. "శుభ్రమైన గాజుగుడ్డతో మెల్లగా అదిమి పట్టాలి. ఊడింది ఊడింది. మీరు మళ్లీ పెట్టకూడదు. 2,200లో ఒకటి పోతే ఏం కాదు." రెండు నిమిషాల మాట. దాని కోసం రాత్రంతా కూర్చున్నాను. మీరెవరైనా చేయించుకుంటే, డబ్బులు కట్టే ముందు ఒకటి అడగండి: రాత్రి పన్నెండుకి ఫోన్ చేస్తే ఎత్తేది ఎవరు?

అడగాల్సినవి ఇంకా ఉన్నాయి. 2022 సెప్టెంబర్‌లో నేషనల్ మెడికల్ కమిషన్ హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ మీద మార్గదర్శకాలు ఇచ్చింది. శిక్షణ ఉన్న రిజిస్టర్డ్ డాక్టర్లే చేయాలి, వర్క్‌షాప్‌లోనో యూట్యూబ్‌లోనో చూసి నేర్చుకుంటే సరిపోదని అందులో ఉంది. అయినా 2025లో కాన్పూర్‌లో ట్రాన్స్‌ప్లాంట్ తర్వాత ఇద్దరు ఇంజినీర్లు చనిపోయిన కేసులు బయటపడ్డాయి. చేసింది దంతవైద్యురాలని ఆరోపణ. మన దగ్గరైతే అదే ఏడాది ఏప్రిల్‌లో ఉప్పల్‌లో ఒకాయన గుండు గీసి, మందు రాసి జుట్టు మొలిపిస్తానంటే జనం ఎండలో క్యూ కట్టారు. తర్వాత తల మంటలని గోల. ఆ వీడియో చూసి మా షాపులో అందరితో పాటు నేనూ నవ్వాను. నవ్వుతూనే టోపీ సర్దుకున్నాను. ఆ క్యూలో నిలబడ్డవాళ్లకీ నాకూ తేడా ఈఎంఐ ఒక్కటే.

ఆ మూడు రోజులూ అమ్మ వీడియో కాల్ చేస్తే ఎత్తలేదు. మామూలు కాల్ చేసి "నెట్ సరిగ్గా లేదమ్మా" అన్నాను. మొబైల్ రిపేరు చేసేవాడు నెట్ లేదంటే ఎవరు నమ్ముతారు? అమ్మ నమ్మలేదు. ఒకటో తారీఖు సాయంత్రం ఫోన్ చేసి, "నాంపల్లిల దిగుతున్న. వచ్చి తీస్కపో" అంది.

జనవరి 1 సాయంత్రం నాంపల్లి అంటే మీకు తెలుసు. నుమాయిష్ మొదలయ్యే రోజు. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై, 1946లో ఇప్పుడున్న గ్రౌండ్స్‌కి వచ్చిన ఎగ్జిబిషన్. ఏటా ఫిబ్రవరి 15 దాకా ఈ దారుల్లో నేల కనపడదు. పదేళ్లుగా మొదటి వారంలోనే వెళ్లే వాణ్ణి. ఈసారి డాక్టర్ గట్టిగా వద్దన్నారు. దుమ్ము, తోపులాట, ఎవరి మోచేయి ఎక్కడ తగులుతుందో తెలీదు. ఇప్పుడు ఆ జనంలోంచే అమ్మని రూమ్‌కి తీసుకురావాలి.

ప్లాట్‌ఫారం మీద "ఎవలన్న కొట్టిండ్రా" అన్నప్పుడు, "లేదమ్మా, తలకి చిన్న ఆపరేషన్" అని మాత్రం చెప్పాను. అంతే. అమ్మ ఇంకేం అడగలేదు. సంచి చంకన పెట్టుకుని నా ముందుకొచ్చింది. ఐదడుగులు కూడా ఉండదు మా అమ్మ. "జరుగుండ్రి, జరుగుండ్రి, పిలగాని తలకు కుట్లున్నయ్" అని అరుస్తూ ఆ జనాన్ని చీల్చుకుంటూ పోయింది. నాకు కుట్లు లేవు. ఆమె వెనక నడుస్తూ వచ్చాను. నన్ను ఎవరూ తాకలేదు.

రూమ్‌లో టోపీ తీశాను. గుండు చేసిన తల. ముందంతా ఎర్రటి చుక్కలు, వాటి మీద గోధుమ రంగు పెచ్చులు. వెనక కూడా చుక్కలే. చెప్పేశాను.

"ఎంతైంది?"

"డెబ్బై ఏడు."

"వేలా?"

తలూపాను. అమ్మ మంచం అంచు మీద కూర్చుంది. ఫ్యాన్ వైపు చూసింది. సంచిలోంచి సకినాల డబ్బా తీసి టేబుల్ మీద పెట్టింది. తర్వాత, "నొస్తుందా?" అంది.

అంతే అడిగింది. మోటరు గురించి ఆమె ఒక్క మాట ఎత్తలేదు. ఎత్తి తిట్టి ఉంటే బాగుండేది. రాత్రి నేనే అడిగాను. "బాగైంది. సంఘంల తీస్కున్న" అంది. మహిళా సంఘంలో అప్పు. తన పేరు మీద.

ఆ రాత్రి కొబ్బరినూనె రాస్తానంది. పసుపు పెడతానంది. డాక్టర్ ఏదీ పెట్టొద్దన్నారమ్మా అన్నాను. చిన్నబుచ్చుకుంటుందేమో అనుకున్నా. ఏం చేశారో ఒకసారి మళ్లీ చెప్పమంది. వెనక నుంచి తీసి ముందు నాటారని చెప్పాను. అమ్మ మొహం తేటపడింది.

"అంటే నారు పీకి నాటేసిండ్రు. గంతేనా?"

"గంతే."

"మరి నాటేసిన మడిల వారం దినాలు ఎవడన్న దిగుతడా? ఏరు పట్టేదాక తాకొద్దు. తడి ఆరొద్దు. ఎక్కువ నీళ్లు పెట్టొద్దు." స్ప్రే బాటిల్ చేతిలోకి తీసుకుంది. "ఇది నాకు చెప్తరా?"

యూట్యూబ్‌లో నలభై వీడియోలు చూసినా నాకు అంత బాగా అర్థం కాలేదు.

మూడు రోజులుంది. పగలు స్ప్రే. రాత్రి నేను నిద్రలో పక్కకి ఒరిగితే తల పట్టి మళ్లీ మధ్యలోకి తెచ్చేది. తల కడగడం ఆమె చేతులతోనే. షవర్ కింద పెట్టకూడదు. ధార బలంగా తగలకూడదు. షాంపూ నురగ చేతిలో చేసుకుని, తల మీద అద్దినట్టు ఆనించాలి, రుద్దకూడదు. కాసేపాగి చెంబుతో గోరువెచ్చని నీళ్లు మెల్లగా వంచాలి. తువ్వాలుతో తుడవకూడదు, గాలికి ఆరాలి. ఒకసారి చూపిస్తే చాలు, అమ్మకి వచ్చేసింది. నా తల ఆమె చివరిసారి కడిగింది నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు. ఆ మాట ఇద్దరం అనలేదు.

నాలుగో తారీఖు పొద్దున బండికి వెళ్లిపోయింది. నాట్లకి కూలోళ్లు ఒప్పుకున్న రోజు మర్నాడే. స్టేషన్‌లో ఫోన్‌పేలో అయిదు వేలు పంపాను. కౌంటర్‌లో పది రోజులు పని లేక జీతం కట్. నా దగ్గర మిగిలింది అంతే. ఆమె ఫోన్ మోగింది. చూసి, "ఏందిది?" అంది. "మోటరు" అన్నాను. ఫోన్ సంచిలో పెట్టుకుంది.

పదో రోజు పెచ్చులన్నీ కడుక్కున్నాను. అప్పటిదాకా పెచ్చు పీకితే కుదురు కూడా వచ్చే ప్రమాదం ఉంటుంది. తొమ్మిది రోజులు దాటితే కుదుళ్లు గట్టిపడతాయని 2006లో ఇద్దరు అమెరికా డాక్టర్లు పరీక్షించి చెప్పారట. పద్నాలుగో రోజు కౌంటర్‌కి వెళ్లాను, టోపీతోనే. మా సేఠ్ చూసి, "తిరుపతి పోయొచ్చినవా?" అన్నాడు. ఈసారి అబద్ధం చెప్పలేదు. చెప్పేశాను. కౌంటర్‌లో ఉన్న నలుగురిలో ఇద్దరు మధ్యాహ్నం విడివిడిగా వచ్చి, మెల్లగా, "నొప్పి ఉంటదా భాయ్, ఎంతైంది?" అని అడిగారు.

నెల నిండేసరికి నాటిన వెంట్రుకలు రాలడం మొదలైంది. దిండు మీద, టోపీలో. షాక్ లాస్ అంటారు. వెంట్రుక రాలుతుంది, కుదురు లోపల ఉంటుంది. మూడు నాలుగు నెలలకి కొత్తది వస్తుంది. ఇది తెలిసినా డెబ్బై ఏడు వేలు రాలిపోతున్నట్టే అనిపించింది. రాత్రి అమ్మకి వీడియో కాల్ చేశాను. ఈసారి టోపీ లేకుండా.

"నాటేసిన నారు మూడొద్దులు వాలిపోయి, సచ్చిందా అన్నట్టే ఉంటది బిడ్డా. ఏరు పట్టినంక మూన తిరుగుతది. జర ఓపిక పట్టు." ఫోన్ తిప్పి పొలం చూపించింది. మడి అప్పటికే మూన తిరిగి పచ్చగా ఉంది.

ఇప్పుడు నాలుగు నెలలు దాటింది. ముందువైపు సన్నగా, వంకరగా, చిన్నపిల్లల జుట్టులా మొలుస్తోంది. పూర్తిగా తెలియాలంటే ఏడాది పడుతుంది. నాటనివి, నా పాత జుట్టు, రాలుతూనే ఉంటాయి కాబట్టి మందు ఆపొద్దన్నారు. అంటే ఈ ఖర్చు అయిపోయేది కాదు. చేయించుకున్నందుకు బాధ లేదు. లైటు కింద వంగడానికి ఇప్పుడు కొంచెం తేలిగ్గా ఉంది. బాధ ఉన్నది దాచినందుకు. దాచకపోయి ఉంటే, ముందు మోటరు, ఆరు నెలలాగి జుట్టు అని ఇద్దరం కూర్చుని అనుకునేవాళ్లం. జుట్టు ఆరు నెలలు ఆగుతుంది. నారు ఆగదు.

కోతలకి ఊరెళ్లాను. ఎండ నేరుగా తల మీద పడొద్దన్నారని టోపీ పెట్టుకునే ఉన్నాను. అమ్మ గట్టు మీద నిలబెట్టి, టోపీ తీసి, తల వంచి, వేళ్లతో పాయ తీసి చూసింది.

"ఆడాడ పలుచగున్నది" అంది. "ఫర్వాలె. వస్తది."

సంఘం కిస్తీ ఈ నెల నుంచి నేనే కడుతున్నాను. నా తల కిస్తీలు ఇంకా ఎనిమిది ఉన్నాయి.